చీటీలో దొరికేది దైవచిత్తమేనా?

దేవుడు తన బిడ్డలను నడిపిస్తాడు, పశ్చాత్తాపపడిన వారిని క్షమిస్తాడు. క్రైస్తవుడి రోజువారీ బతుకంతా ఈ రెండు మాటల మీదే నిలబడి ఉంది. వీటి మీద తెలుగు సంఘాల్లో పెద్ద తగువేమీ లేదు. తగువల్లా ఆ నడిపింపును, ఆ క్షమాపణను మనిషి ఎలా తెలుసుకుంటాడన్న దగ్గరే. ఇప్పుడు ఎక్కువమంది నోట వినిపించే జవాబు ప్రకారం దేవుడి చిత్తం ఒక రహస్యం, అది ఏదో ఒక గుర్తు రూపంలో బయటపడాలి. ఏడాదికొక వాగ్దాన చీటీ, చిక్కొచ్చినప్పుడు కళ్ళు మూసుకుని తెరిచిన బైబిలు పేజీ, కూటంలో దైవజనుడు పేరు పెట్టి చెప్పిన ప్రవచనం ఆ గుర్తులు. క్షమాపణకూ ఇలాంటి గుర్తే పెట్టుకున్నారు. ఇల్లు సవ్యంగా సాగితే దేవుడు క్షమించినట్టు, జబ్బో అప్పో మీద పడితే ఒప్పుకోని పాపం ఎక్కడో మిగిలినట్టు లెక్క. చూడ్డానికి ఇది గాఢమైన భక్తిలా ఉంటుంది. బైబిలు మాత్రం దీన్ని సమర్థించదు, సంఘ చరిత్ర అసలే సమర్థించదు. దేవుడు ఇదివరకే చెప్పిన మాట చాలదు, ఇంకో రుజువు కావాలి అనే అనుమానమే దీని అడుగున ఉంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఈ అలవాటు బాగా కనిపిస్తుంది. పన్నెండు దాటి, శుభాకాంక్షల సందడి సద్దుమణిగాక జనం బల్ల దగ్గరికి వరస కడతారు. స్టీలు పళ్ళెంలో చీటీలు బోర్లా పెట్టి ఉంటాయి. ఒకవైపు గులాబీ పువ్వో కొండల మీద సూర్యోదయమో, రెండోవైపు ఒక వాక్యం, దాని కింద సంఘం పేరు, పాస్టరుగారి ఫోను నంబరు. చెయ్యి పెట్టేముందు కొందరు కళ్ళు మూసుకుంటారు, కొందరు పసిపిల్లల చేత తీయిస్తారు. తీసిన చీటీ బైబిలు అట్టలోకో గుమ్మం మీదికో చేరుతుంది, తెల్లవారేసరికి వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతుంది. దాన్ని పట్టుకుని ఇంటికి పునాది తీసేవారున్నారు, వచ్చిన సంబంధం వద్దనేవారూ ఉన్నారు.

ఆ పళ్ళెంలో ఏముంటాయో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆశీర్వాదాలు, అభివృద్ధి, శత్రువుల మీద విజయం, దీర్ఘాయువు. తన సిలువ తాను మోసుకుని రమ్మన్న మాట ఏ చీటీ మీదా ఉండదు. న్యాయం లేని చోట మీ పండుగలు నాకు అసహ్యమని ఆమోసు ద్వారా దేవుడు అన్న మాటా ఉండదు. చీటీ తీసేది దేవుడు నడిపించిన చెయ్యే అనుకున్నా, పళ్ళెంలో ఏవి వెయ్యాలో, ఏవి వెయ్యకూడదో ముందే తేల్చినవాడు చీటీలు అచ్చువేసినవాడు. బైబిల్లో 31 వేలకు పైగా వచనాలుంటే అందులోంచి తియ్యటివి ఓ వందో రెండొందలో ఏరిపెట్టాక ఎవరు ఏది తీసినా శుభమే వస్తుంది. 2019 డిసెంబరు 31 రాత్రి కూడా అలాగే వచ్చింది. మరో మూడు నెలలు తిరగకుండా, 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది, గుళ్ళకు తాళాలు పడ్డాయి. ఆ ఏడాది ఆప్తుల్ని మట్టి చేసిన ఇళ్ళలోనూ గుమ్మం మీద చీటీ ఉంది. అది అబద్ధమైందనాలా, దేవుడు మాట తప్పాడనాలా, ఆ ఇంటివాళ్ళ విశ్వాసం చాలలేదనాలా? ఈ పద్ధతిని నమ్మినవాళ్ళు సాధారణంగా మూడోదే అంటారు. అంటే దోషం తిరిగి తిరిగి ఏడుస్తున్నవాళ్ళ నెత్తికే చుట్టుకుంటుంది.

ఈ చీటీల పుట్టుక చూస్తే, మొదలుపెట్టినవాళ్ళ ఉద్దేశం వేరని తెలుస్తుంది. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ విశ్వాసుల సంఘానికి 1728 మే 3న సాయంకాలపు కూడికలో నాయకుడు జిన్‌జెన్‌డార్ఫ్ మరుసటి రోజుకు ధ్యానవాక్యంగా ఒక మాట ఇచ్చాడు. ఆ ఏర్పాటు స్థిరపడి, 1731 నుంచి ఏడాదికి సరిపడా వాక్యాలు పుస్తకంగా అచ్చవుతున్నాయి. వాటిని ఇప్పటికీ హెర్న్‌హూట్‌లో చీటీలు తీసే ఎంపిక చేస్తారు. అయితే ఆ రోజు వాక్యం సంఘమంతటికీ ఒక్కటే. రైతు, దొర, రోగి, పెళ్ళికొడుకు అందరూ అదే వాక్యాన్ని మననం చేసుకుంటారు. ఫలానా మనిషికి ఫలానా పని జరుగుతుందన్న జోస్యం అందులో లేదు. అదే కాలంలో, 1718లో, బోగాట్‌స్కీ అనే భక్తుడు రోజుకొక వాక్యం, దాని మీద చిన్న ధ్యానం చొప్పున ఒక పుస్తకం తెచ్చాడు. అది ఐరోపా అంతటా ఇళ్ళలోకి వెళ్ళింది. ఆయన తరవాత స్థిరపడిన హాలే పట్టణంలోనే 1746–47 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ తెలుగులో క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అక్షరం అచ్చెక్కిన తొలి పుస్తకాలుగా వాటినే చెబుతారు. వాక్యాన్ని రోజూ కాస్త కాస్త మననం చెయ్యడం ఆ భక్తుల పద్ధతి. ధ్యానాన్ని వదిలేసి చీటీనొక్కదాన్నే దిగుమతి చేసుకున్నది తరవాతి తరాలు.

మొరేవియన్లు జీవిత నిర్ణయాలకూ చీటీలు వేశారన్నది నిజమే. పెళ్ళి సంబంధాలు సైతం అలా తేల్చారు. ఆ అనుభవం వాళ్ళకేం నేర్పిందో కూడా చెప్పుకోవాలి. సాధారణ సభ్యుల పెళ్ళిళ్ళకు చీటీ కట్టుబాటును 1818 నాటి మహాసభ సడలించింది. 1889 నాటికి ఆ పద్ధతినే పూర్తిగా వదిలేశారు. వాళ్ళ స్నేహంలో ఈ పద్ధతి అలవాటైన బోధకుడు జాన్ వెస్లీ 1737 మార్చిలో జార్జియాలో సోఫియా హాప్కీ అనే యువతిని పెళ్ళాడాలా వద్దా అని మూడు చీటీలు రాసి తీయించాడు. ఇక ఆ ఆలోచనే మానుకోమన్న చీటీ వచ్చింది. కొద్ది రోజులకే ఆమె వేరొకరిని పెళ్ళాడింది. అంతటితో ఊరుకోలేక ఆయన కొన్ని నెలల తరవాత ఆమెకు ప్రభువు బల్ల నిరాకరించాడు, కోర్టు వ్యాజ్యంలో ఇరుక్కున్నాడు, ఆ డిసెంబరులో జార్జియా వదిలి వెళ్ళిపోయాడు. చీటీ ఆయన చేత ఒక మాట ఒప్పించింది, మనసు మాత్రం కుదుటపరచలేదు.

ఇంకా వెనక్కి వెళితే సంఘం ఈ పద్ధతిని సూటిగానే ఖండించింది. పుణ్యగ్రంథం తెరిచి, కంటపడిన మాటను బట్టి జరగబోయేది చెప్పడం ఆనాటి గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్సులో, గురువుల్లో సైతం ఉండేది. 506లో ఆగ్డ్‌లో, 511లో ఓర్లేన్‌లో కూడిన సభలు అలా చేసేవారిని సంఘం నుంచి వెలివేయాలని తీర్మానించాయి. దానికి వందేళ్ళ ముందే అగస్టీను ఒక లేఖలో ఇదే సంగతి ప్రస్తావించాడు. దయ్యాల దగ్గరికి పోవడం కన్నా ఇది నయమే గానీ, లోకవ్యవహారాల కోసం దేవుడి మాటల్ని ఇలా వాడడం తనకు నచ్చదన్నాడు. చీటీల పక్షం వాళ్ళు అగస్టీనునే ఎదురు సాక్ష్యంగా తెస్తారు. 386లో మిలాన్ తోటలో పిల్లవాడి గొంతు విని, పుస్తకం తెరిచి, రోమా పత్రిక 13వ అధ్యాయం చదివి మారినవాడు ఆయన కాదా అంటారు. ఆయనే. అయితే ఆ పేజీ ఆయనకు చెప్పింది భోగలాలస విడిచి క్రీస్తును ధరించుకోమని. ఆ మాట ఏ పేజీ తెరిచినా తెరవకపోయినా, ఎవరికైనా, ఎప్పుడైనా వర్తించేదే. ఉద్యోగం మారమనో పొలం కొనమనో అందులో లేదు. పైగా ఆ అనుభవం జరిగిన పదిహేనేళ్ళ లోపే ఆ లేఖ రాసినవాడూ ఆయనే.

బైబిలు నుంచి తెచ్చే ఆధారాలు ఇంతకన్నా గట్టివేమీ కావు. పాత నిబంధనలో చీట్లు వేసి భూమి పంచుకున్న మాట నిజం. యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకున్నదీ చీట్లతోనే. అయితే ఆ ఎన్నిక పెంతెకొస్తుకు ముందటిది. పరిశుద్ధాత్మ దిగివచ్చాక అపొస్తలులు ఎక్కడా చీట్లు వేసిన జాడ లేదు. భోజనపు బల్లల దగ్గర పరిచర్యకు ఏడుగురు కావలసి వస్తే, మంచి పేరున్నవాళ్ళను జనమే ఎంచుకున్నారు. అన్యజనులకు సున్నతి అవసరమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు యెరూషలేములో పెద్ద వాదమే జరిగింది, పేతురు లేచాడు, బర్నబా పౌలులు తమ అనుభవం చెప్పారు, యాకోబు లేఖనం ఎత్తి చూపించాడు. ఆ తరవాతే ఇది పరిశుద్ధాత్మకూ మాకూ సమ్మతమని ఉత్తరం రాశారు. గిద్యోను గొర్రెబొచ్చు సంగతీ అంతే. యుద్ధానికి వెళ్ళమని దేవుడు అప్పటికే అతనికి చెప్పాడు. బొచ్చు పరచడం అతని భయం వల్లే, రెండోసారి అడుగుతూ కోపపడవద్దని దేవుణ్ణి బతిమాలుకున్నాడు కూడా. దేవుడు అతని బలహీనతను ఓర్చుకున్నాడు. ఓర్చుకున్నదాన్ని ఆచారంగా మార్చుకోవడం తరవాతివాళ్ళ పని.

చీటీల మీద అన్నిటికన్నా ఎక్కువగా కనబడే వాక్యం యిర్మీయా 29వ అధ్యాయంలోని 11వది. మీ గురించి నేను తలపెట్టినవి సమాధానకరమైన ఆలోచనలే, మీకు మంచి భవిష్యత్తు ఉందని దేవుడు చెప్పిన మాట అది. ఆ మాట ఒక ఉత్తరంలోది. క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజును, కంసాలులను, పనివాళ్ళను చెరపట్టి బబులోనుకు తీసుకుపోయాడు. అక్కడున్నవాళ్ళకు యెరూషలేము నుంచి యిర్మీయా రాసిన ఉత్తరమది. ఆ ఉత్తరానికి ముందరి అధ్యాయం చదివితే కథ మరింత విప్పారుతుంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనం ముందు నిలబడి, రెండేళ్ళలో చెర ముగుస్తుంది, రాజు తిరిగొస్తాడు, గుడి పాత్రలు తిరిగొస్తాయి అన్నాడు. యిర్మీయా మెడ మీది కొయ్య కాడిని తీసి అందరి ఎదుటా విరగ్గొట్టాడు. జనానికి కావలసిన మాటే అది: త్వరలో, శుభం, దేవుడి పేరు మీద. యిర్మీయా చెప్పింది దానికి పూర్తిగా ఎదురు. రెండేళ్ళు కాదు, డెబ్బై ఏళ్ళు. ఉత్తరం అందుకున్నవాళ్ళలో పెద్దవాళ్ళెవరూ ఆ తిరుగు ప్రయాణం చూడరు. అందుకే అందులో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లల పెళ్ళిళ్ళు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించండి అని ఉంది. డెబ్బై ఏళ్ళ లెక్క చెప్పిన పదో వచనం వెంటనే వస్తుంది ఆ పదకొండోది. హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు.

అంటే అచ్చయిన చీటీల్లో అతి ప్రియమైన వాక్యం, చీటీ పద్ధతిలాంటి ఆశలకే గండికొట్టిన ఉత్తరంలోది. పైవాక్యం కత్తిరించి, కింది వాక్యం కత్తిరించి, మధ్యది ఒక్కటి గులాబీ బొమ్మ పక్కన అచ్చువేస్తే యిర్మీయా నోట హనన్యా మాట పలికించినట్టే. ఫిలిప్పీ పత్రికలో తనను బలపరచేవాని ద్వారా సమస్తం చెయ్యగలనన్న పౌలు మాటకూ ఇదే గతి పట్టింది. అది పోటీ పరీక్షల విద్యార్థుల బల్లల ఎదుట వేలాడుతుంది. ఆకలికీ కడుపు నిండడానికీ, లేమికీ కలిమికీ సమానంగా ఓర్చుకోవడం నేర్చుకున్నానని చెబుతూ సంకెళ్ళలో ఉన్నవాడు రాసిన మాట అది.

మరి దేవుడు నడిపించేది ఎలా అన్న ప్రశ్న మిగులుతుంది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం దీనికి మంచి ఉదాహరణ. ఆసియాలో బోధించబోతే ఆత్మ ఆటంకపరిచాడు, బితూనియకు వెళ్ళబోతే వెళ్ళనివ్వలేదు. ఎందుకన్నది పౌలుకు ఎవరూ చెప్పలేదు. దారులు మూసుకుపోతుంటే నడుస్తూ త్రోయ దాకా వచ్చాడు, అక్కడ మాసిదోనియ మనిషి రమ్మని పిలిచినట్టు దర్శనం కలిగింది. కలిగాక కూడా ఆ బృందం కలిసి ఆలోచించుకుని, దేవుడు పిలుస్తున్నాడని నిశ్చయించుకుంది. వెళ్ళిన ఫిలిప్పీలో మొదట విన్నది మాసిదోనియ మనిషి కాడు, థుయతైర నుంచి వచ్చి ఊదారంగు బట్టలమ్మే లూదియ. ఆ తరవాత దెబ్బలు, చెరసాల, కాళ్ళకు బొండ. ఆనాడు వాగ్దాన చీటీలు ఉండి ఉంటే, దారి తప్పాడనడానికి పౌలు వీపు మీది వాతలే రుజువుగా చూపించేవారు. దర్శనాలు లేవని గానీ ఉండవని గానీ వాదించనక్కర్లేదు. వచ్చిన దర్శనాన్ని సైతం నలుగురూ కలిసి తూచుకున్నారు, దాని ఫలితం సుఖంగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

అనాథ శరణాలయాలకు పేరుపడ్డ బ్రిస్టల్ వాసి జార్జ్ ముల్లర్ పద్ధతీ ఇలాంటిదే. అప్పు అడగకుండా ప్రార్థన మీదే వేల మంది పిల్లల్ని సాకాడని ఆయన్ను తెలుగు ప్రసంగాల్లో తరచుగా తలుస్తారు. అయితే దైవచిత్తం తెలుసుకునే తీరు గురించి ఆయన రాసింది తలిచేవారు తక్కువ. ముందు తన ఇష్టాన్ని పక్కన పెట్టడం, మనసులో పుట్టే ఆవేశాల్ని నమ్మకపోవడం, లేఖనంతో పొసగని దాన్ని ఆత్మ నడిపింపు అనకపోవడం, పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకోవడం, ప్రార్థించడం, ఆపైన తన బుద్ధికి అందినంతలో నిర్ణయించుకోవడం. ఆయన బావమరిది ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతోనే బౌడెన్, బీర్ అనే ఇద్దరు 1836లో నరసాపురం ప్రాంతానికి వచ్చి గోదావరి డెల్టా మిషన్‌కు నాంది పలికారు. గోదావరి జిల్లాల సంఘాలకు ముల్లర్ పద్ధతి పరాయిదేమీ కాదు.

ఒంగోలు చరిత్ర ఈ వాదానికి ఇంకా దగ్గరి సాక్ష్యం. అమెరికా బాప్తిస్టుల తెలుగు మిషన్‌ను 1853లో మూసేద్దామా అన్న చర్చ నడిచింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నెల్లూరు విశ్వాసులు కొందరు ఒంగోలు పక్కన కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కొత్త సంవత్సరం ఆ ఊరికి ఎవరూ రాలేదు. తరవాతి ఏడూ రాలేదు. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు. ఆ మధ్యకాలంలో నెల్లూరులో ఉన్నంతకాలం జ్యూయెట్ చేసింది రోజూ చేసే పనే.

క్లౌ కథలోనే చీటీల పక్షానికి అన్నిటికన్నా బలమైన ఆధారం కూడా ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసులు సంఘంలో చేరుతుంటే, వీళ్ళను చేర్చుకుంటే మేం రామని ఒంగోలులో పై కులాలవాళ్ళు తేల్చి చెప్పారు. క్లౌ తన గదిలో ఎటూ తేల్చుకోలేక చేతికందిన బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం వచ్చిందట. లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు అది. ఆయన భార్య వేరే గదిలో అదే భాగం చదువుతోందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ అనుభవాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. దాని ఆకారం మాత్రం చూడాలి. ఆ పేజీ భవిష్యత్తు చెప్పలేదు, సువార్తలో మొదటి నుంచీ ఉన్న మాటే చెప్పింది. వాళ్ళ సౌకర్యం పెంచలేదు, పై కులాల ఆదరణ పోగొట్టింది. వేరే పేజీ తెరుచుకుని ఉంటే మాదిగల్ని తోసెయ్యడం న్యాయమయ్యేదా? కాదు కదా. ఆ నిర్ణయపు బలం పేజీ తెరుచుకున్న తీరులో లేదు.

అదే క్లౌ 1876–78 కరువులో బకింగ్‌హాం కాలవ పనిలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి కల్పించాడు. బాప్తిస్మం కోసం జనం తోసుకొస్తున్నా ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమో అన్న వివేకం తప్ప దానికి వేరే గుర్తేదీ లేదు. సహాయపు పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సాక్ష్యాల్లో ఈ అంకె బాగా వినబడుతుంది. దాని వెనకాల ఏడాదికి పైగా సాగిన నిరాకరణ అంతగా వినబడదు.

క్షమాపణ విషయంలో ఈ గుర్తుల వెతుకులాట మరింత క్రూరంగా మారుతుంది. ఆసుపత్రి మంచం పక్కకు పరామర్శకు వచ్చిన విశ్వాసి తలగడ దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి, “ఒప్పుకోవలసింది ఏమైనా ఉందేమో చూసుకో అమ్మా” అంటాడు. ప్రేమతోనే అంటాడు. గర్భం నిలవని ఆడపిల్లకు, పంట పోయిన రైతుకు, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఇదే మాట చేరుతుంది. ఆ మంచం మీది ఆవిడ తన బతుకంతా తోడుకుని, చిన్నప్పుడు చెప్పిన అబద్ధాల దాకా ఏరి ఏరి ఒప్పుకుంటుంది. జబ్బు తగ్గకపోతే ఇంకేదో మిగిలిందనుకుంటుంది. క్షమాపణ దొరికిందా లేదా అన్నది స్కానింగ్ రిపోర్టు చెప్పాలన్నమాట.

ఈ వాదాన్ని క్రీస్తు రెండు చోట్ల నేరుగా ఖండించాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం ఇతనిదా కన్నవాళ్ళదా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్ళు మిగతా యెరూషలేము వాళ్ళకన్నా పాపులనుకుంటున్నారా, కాదని చెబుతున్నానన్నాడు. యోబు స్నేహితులు ముగ్గురూ పాడిందీ ఈ పాటే. చివరికి తన గురించి తప్పుగా మాట్లాడారని దేవుడు కోపగించుకున్నది ఆ ముగ్గురి మీదే. పౌలు వెంట తిరిగినవాళ్ళ సంగతి చూసినా అంతే. త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చాడు, ఎపఫ్రొదితు చావుబతుకుల మధ్య పడ్డాడు, తిమోతికి తరచూ కడుపునొప్పి. వీళ్ళెవరినీ పాపం ఒప్పుకోమని ఆయన నిలదీయలేదు. తిమోతికైతే కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని వైద్యం చెప్పాడు. యాకోబు పత్రిక రోగి కోసం ప్రార్థించమంటూ పాపం ప్రస్తావన తెచ్చినా, పాపం చేసి ఉంటే అన్న షరతు పెట్టింది. జబ్బుపడ్డ ప్రతివాడూ పాపి అనలేదు.

దావీదు కథను ఎదురు తేవడం మామూలు. బత్షెబ విషయంలో పాపం చేశాడు, బిడ్డ చనిపోయింది కదా అంటారు. అయితే ఆ అధ్యాయంలో వరస గమనించాలి. దావీదు పాపం చేశానన్న క్షణంలోనే యెహోవా నీ పాపాన్ని పరిహరించాడని నాతాను చెప్పాడు. బిడ్డ జబ్బు ఆ తరవాతిది. ఇంట్లో కత్తి, కొడుకు తిరుగుబాటు ఆ తరవాతివి. పాపానికి లోకంలో ఫలితాలుంటాయని ఆ కథ చెబుతుంది, నిజమే. కష్టం ఉన్నంతకాలం క్షమాపణ లేనట్టే అనడానికి మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే క్షమించబడినవాడే ఆ కష్టమంతా పడ్డాడు.

ప్రభువు బల్ల దగ్గర ఈ భయం ఇంకో రూపం తొడుగుతుంది. అయోగ్యంగా తింటే శిక్షావిధి అన్న కొరింథీ పత్రిక మాట విని, ఆ వారం ఇంట్లో గొడవ పడ్డామనో, మనసు బాగోలేదనో బల్లకు చెయ్యి చాపనివాళ్ళు ప్రతి సంఘంలో ఉన్నారు. నెలల తరబడి దూరంగా ఉండేవాళ్ళూ ఉన్నారు. పాపభీతి పేరుతో దీన్ని మెచ్చుకోవడమూ జరుగుతుంది. పౌలు ఆ మాట ఎవరి గురించి రాశాడో అదే అధ్యాయంలో కొద్ది వచనాల పైనే ఉంది. కొరింథులో కలిగినవాళ్ళు ముందే కూర్చుని తిని తాగి మత్తులయ్యేవారు, పనినుంచి ఆలస్యంగా వచ్చే పేదలు ఆకలితో మిగిలేవారు. లేనివాళ్ళను సిగ్గుపరుస్తారా అని ఆయన మండిపడ్డాడు. ఆయన అయోగ్యత అన్నది ఆ సిగ్గుపరచడాన్నే. బలహీనుడు తన బలహీనత చూసుకుని బల్ల మానుకోమని ఆ అధ్యాయం ఎక్కడా అనలేదు, పరీక్షించుకుని తినమనే అంది. ఒకే ఊళ్ళో మాలలకు ఒక గుడి, మాదిగలకు ఒక గుడి, పెద్ద కులాల నుంచి వచ్చినవాళ్ళకు వేరే వరస, చచ్చాక సమాధుల దొడ్డి కూడా వేరు అన్న ఏర్పాటు తెలుగు నేల మీద ఇంకా పోలేదు. ఆ ఏర్పాటు నడిపే పెద్దలు జంకు లేకుండా రొట్టె పంచుతారు. భార్యాభర్తలు మాటామాటా అనుకున్నందుకు ఆ మూల బెంచీలో ఒకావిడ తల వంచుకుని కూర్చుంటుంది. పౌలు అధ్యాయాన్ని తలకిందులుగా చదివితేనే ఇది సాధ్యం.

ఈ భయం తెలుగువాళ్ళకే ప్రత్యేకం కాదు. ఎర్‌ఫర్ట్ మఠంలో యువకుడిగా ఉన్న లూథర్ గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, బయటికొచ్చాక ఒకటి మర్చిపోయానని మళ్ళీ పరుగెత్తేవాడు. అతని ఒప్పుకోలు వినే స్టౌపిట్జ్ విసిగిపోయేవాడు. పాపాలన్నీ లెక్కపెట్టి ఒప్పుకోవడం ఏ మనిషి వల్లా కాదని, క్షమాపణ ఆ లెక్క మీద ఆధారపడదని లూథర్ చివరికి తేల్చుకున్నాడు. గుంటూరు ప్రాంతంలో 1842 నుంచి నాటుకున్న లూథరన్ సంఘాల ఆరాధన క్రమంలో ఒప్పుకోలు, ఆ వెంటనే క్షమాపణ ప్రకటన ఉండడానికి కారణం ఇదే. గురువు ఆ ప్రకటన చదివేటప్పుడు ఆ వారం ఎవరి పంట పండింది, ఎవరికి జ్వరం తగ్గింది అని అడగడు. యోహాను మొదటి పత్రిక క్షమాపణను దేవుడి నమ్మదగిన స్వభావానికి, ఆయన న్యాయానికి ముడిపెట్టింది. ఒప్పుకున్నవాడి గుండె తేలికపడిందా లేదా అన్నదానికి ముడిపెట్టలేదు.

దీనికి మిగిలే అభ్యంతరం ఒకటే. క్షమాపణ ఇంత నిశ్చయమైతే జనం పాపానికి భయపడరని, కష్టం చూపించి బెదిరిస్తేనే దారిలో ఉంటారని సంఘ పెద్దలు అంటారు. బెదిరింపు దారిలో పెట్టిన దాఖలా మాత్రం తక్కువ. గుర్తుల కోసం చూసే మనిషి, గుర్తులు బాగున్నప్పుడు తాను సరిగ్గానే ఉన్నానని నిద్రపోతాడు. తమ్ముడి వాటా పొలం కలుపుకున్నవాడు ఆ ఏడాది పంట బాగా పండితే దేవుడు ఆశీర్వదించాడని సాక్ష్యం చెబుతాడు, దశమభాగం కవరులో వేస్తాడు. కట్నం బాకీ కోసం కోడల్ని పుట్టింటికి పంపిన ఇంట్లో కృతజ్ఞత కూటం జరుగుతుంది. జక్కయ్యను ఎవరూ జబ్బుతో బెదిరించలేదు. యేసు అతని ఇంటికి బసకు వచ్చాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని అతనే లేచి నిలబడ్డాడు. అర్పణ తెచ్చినప్పుడు సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ బలిపీఠం ఎదుటే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు క్రీస్తు. మోషే ధర్మశాస్త్రం అంతకుముందే ఈ పని లెక్కతో సహా చెప్పింది. పొరుగువాణ్ణి మోసం చేసి సొమ్ము కాజేసినవాడు అసలు మొత్తం, దానిమీద ఐదోవంతు కలిపి, అపరాధ పరిహారబలి తెచ్చే రోజే సొంతదారుడి చేతికి ఇవ్వాలి. లేవీయకాండం 6వ అధ్యాయంలో ఆ సొమ్ము అప్పగించడం ముందు వస్తుంది, యాజకుడి దగ్గరికి పొట్టేలును తోలుకెళ్ళడం ఆ తరవాత.